బీడు నేలలో పొగబంతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తొలకరి పడితే చాలు, కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి పుట్టగొడుగుల మీద ఉత్తరాలు మొదలవుతాయి. వాటిలో బీడు నేలలో మొలిచి, ఎండాక కాలు తగిలితే పొగ చిమ్మే గుండ్రటి రకం గురించి అడిగినవే ఈసారి తీసుకున్నాం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని పఫ్‌బాల్ అంటారు. ఈ పేజీలో పొగబంతి అని రాస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, మేము గొర్లు మేపుకునే బీడులో వాన పడిన వారానికి కోడిగుడ్డంత తెల్లటి ఉండలు లేస్తాయి. కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరిగి, కాలు తగిలితే పొగ వస్తుంది. మా నాయన కాలంలో అడుగడుగునా ఉండేవంట. ఇప్పుడు ఏడాదికి పదో పన్నెండో. ఎందుకిట్లా?
(గొర్రెల కాపరి, మిడుతూరు మండలం)

జవాబు: మీరు చూసింది పొగబంతే. మామూలు పుట్టగొడుగుకు గొడుగు కింద రేకులుంటాయి, సిద్ధబీజాలు (విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి రేణువులు) ఆ రేకుల మీంచి రాలతాయి. పొగబంతికి గొడుగూ లేదు, రేకులూ లేవు. సిద్ధబీజాలన్నీ సంచిలోనే పండుతాయి. పండాక సంచి పైన చిన్న నోరు తెరుచుకుంటుంది, లేదా పై పొర చిట్లిపోతుంది. వాన చినుకు పడినా, గొర్రె గిట్ట తగిలినా లోపలి పొడి పొగలా లేస్తుంది. యూరప్ గడ్డినేలల్లో ఫుట్‌బాల్‌ను మించి పెరిగే రకం ఒకటుంది. దాని కాయ ఒక్కదానిలో దాదాపు 7 లక్షల కోట్ల సిద్ధబీజాలుంటాయని బుల్లర్ అనే శాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే లెక్క కట్టాడు.

అన్ని బీజాలున్నా ఎందుకు తగ్గుతున్నాయన్నదే మీ ప్రశ్న. మీకు కనిపించేది కాయ మాత్రమే. అసలు ప్రాణి నేలలో, గడ్డి వేళ్ల మధ్య దారాల్లా అల్లుకున్న బూజు పోగుల వల. ఎండిన గడ్డి వేళ్లు, ఆకులు, పాత పేడ, వీటిని కుళ్లబెట్టుకుని బతుకుతుంది. దున్నని, ఎరువు చల్లని, పలచగా మేసిన పాత గడ్డినేలలోనే ఆ వల ఏళ్ల తరబడి నిలుస్తుంది. నాగలి ఒక్కసారి పడితే తెగిపోతుంది. తిరిగి అల్లుకోవాలంటే గాలిలో వచ్చిన బీజం అక్కడ పడాలి, మొలవాలి, జత కుదిరే మరో బీజపు పోగుతో కలవాలి. అందుకే లక్షల కోట్ల బీజాలున్నా కొత్త చోట నిలదొక్కుకునేవి కొద్దే.

నాగలి తరవాతి దెబ్బ ఎరువుది. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. పక్క చేనికి వేసింది వానకు కొట్టుకొచ్చి బీడు అంచున చేరితే గడ్డి దట్టంగా, ఎత్తుగా పెరుగుతుంది. పచ్చగా కనిపిస్తుంది కాబట్టి మంచిదే అనుకుంటాం. కానీ బలహీన నేలకు అలవాటైన శిలీంద్రాలు (పుట్టగొడుగులు, బూజుల జాతి) అక్కడ నిలవలేవు. నత్రజని కొన్నాళ్లకు తగ్గుతుంది, భాస్వరం మాత్రం ఏళ్లకేళ్లు మట్టిని వదలదు.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. రాత్రిళ్లు మంద కట్టేటప్పుడు పొగబంతులు లేచే చోట కట్టకండి. పగలు గొర్లు మేస్తూ పోతే ఆ నేలకు మేలే, గడ్డి పొట్టిగా ఉంటుంది. రాత్రంతా వందల గొర్లు ఒకే చోట పడుకుంటే ఉచ్చ, పెంటిక పేరుకుని ఎరువు బస్తా చల్లినంత పనీ అవుతుంది. మందను చేలో కట్టండి. అక్కడైతే రైతుకూ లాభమే.

ప్రశ్న: మా బడి పిల్లలతో చుట్టుపక్కల బీళ్లలో పొగబంతుల లెక్క తీయాలనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్లాలి, ఏం రాసుకోవాలి? ఏ రకమో గుర్తుపట్టే మార్గముందా?
(జీవశాస్త్ర ఉపాధ్యాయిని, కళ్యాణదుర్గం)

జవాబు: మీ ప్రాంతంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ విడతలు విడతలుగా. కాబట్టి క్యాలెండర్ కంటే వానను చూసి బయల్దేరండి. ఒకటి రెండు రోజుల్లో 25, 30 మిల్లీమీటర్లు పడ్డాక అయిదో రోజు నుంచి పదో రోజు లోపు వెళ్లండి. మృగశిర నుంచి హస్త దాకా, ఆ తరవాత ఈశాన్య వానలప్పుడు, చూడదగ్గ కాలం. అదే చోటికి పది రోజులకోసారి మళ్లీ వెళ్లాలి. ఒక్కసారి చూసి వచ్చేస్తే తెల్లటి లేత కాయలో, ఎండిన డొల్లలో, ఏదో ఒకటే దొరుకుతుంది.

50 మీటర్ల తాడు ఒకటి బీడు మీద తిన్నగా పరచండి. ఇద్దరు పిల్లలు దాని వెంట నడుస్తూ చెరో వైపు ఒక మీటరు మేర చూడాలి. అంటే తాడుకు 100 చదరపు మీటర్లు. ఒక్కో బీడులో అయిదు తాళ్లు పరిస్తే పోల్చుకోవడానికి పనికొచ్చే లెక్క వస్తుంది. ఏమీ దొరకని తాడు దగ్గర సున్నా అని తప్పకుండా రాయించండి. పిల్లలు సున్నాలను వదిలేస్తారు, దాంతో లెక్కంతా పాడవుతుంది.

కనిపించిన ప్రతి గుంపునూ పెరికే ముందే ఫోటో తీయాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, చుట్టూ గడ్డి కనిపించేలా కాస్త దూరం నుంచి ఒకటి. పక్కన రూపాయి నాణెం పెట్టండి. ఆ నాణెం అడ్డకొలత ముందే స్కేలుతో కొలిచి రాసుకుంటే పరిమాణం తెలిసిపోతుంది. ఆ తరవాత ఒక్కదాన్ని తవ్వి అడుగు భాగం, నిలువుగా కోసి లోపలి భాగం ఫోటో తీయండి. అయిదు కాయలకు ఒక్కటి మించి తీయొద్దు. పుస్తకంలో తేదీ, ఫోన్ చూపించిన అక్షాంశ రేఖాంశాలు, నేల రకం (ఎర్ర గరపా, నల్లరేగడా), గడ్డి ఎత్తు, దగ్గర్లోని చెట్టు ఎంత దూరం, పేడ ఉందా, కోస్తే రంగు మారిందా, ఇవన్నీ రాయించండి.

గుర్తింపు విషయంలో చాలామంది చేసే పొరపాటు తెల్లటి లేత కాయ ఒక్కటే పట్టుకొచ్చి పేరు అడగడం. లేత కాయకు పేరు చెప్పలేం. పేరు తేల్చేవి లోపలి పొడి, ఆ పొడిలో కలిసి ఉండే సన్నటి పోగులు. అవి పండిన కాయలోనే ఏర్పడతాయి. కాబట్టి లేతది ఒకటి, పండినది ఒకటి, రెండూ కావాలి.

కంటితోనే కొంత వరకు విడదీయవచ్చు. పండాక నేలను వదిలేసి, కాగితం ఉండలా గాలికి బీడంతా దొర్లేది బోవిస్టా. పైన చిన్న మొటిమల్లాంటి ముళ్లుండి, కింద కాడ వంటి మొదలు, పైన గుండ్రటి నోరు ఉంటే లైకోపెర్డాన్. పిడికిలి కంటే పెద్దదై, నోరు లేకుండా పై పొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతే కాల్వేషియా. సన్నటి కాడ చివర శెనగ గింజంత కాగితం సంచి, దాని నడినెత్తిన చిన్న నోరు ఉంటే టులోస్టోమా. దీని కాడ ఇసుకలో మునిగి ఉంటుంది, తవ్వకుండా లాగితే తల ఒక్కటే చేతికొస్తుంది. పై పొర చీలి నక్షత్రంలా పరుచుకుంటే అది జియాస్ట్రమ్, భూనక్షత్రం.

పుట్ట మీద పొడవాటి కాడతో, మూసిన గొడుగులా నిలబడే పొడాక్సిస్ మన మెట్ట నేలల్లో తరచూ కనిపిస్తుంది. దాని లోపలా నల్లటి పొడే కాబట్టి పిల్లలు పొగబంతి లెక్కలో కలిపేస్తారు. దాన్ని వేరే గడిలో రాయించండి.

కోసిన నమూనాను పాలిథిన్ సంచిలో పెట్టొద్దు. చెమ్మ పట్టి ఒక్క రాత్రిలో కుళ్లుతుంది, పురుగు పడుతుంది. కాగితం కవరులో పెట్టి, 40 నుంచి 45 డిగ్రీల వేడిలో గానీ, నీడలో ఫ్యాను గాలికి గానీ, చేత్తో వంచితే విరిగేంత వరకు ఆరబెట్టండి. వివరాల చీటీ కవరు లోపల ఉండాలి. పైన రాసింది చెరిగిపోతుంది. తరవాత గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచండి. పండిన కాయలు వేరే కవర్లో పెట్టాలి, లేకపోతే ఒకదాని పొడి ఇంకోదానికి అంటుకుని సూక్ష్మదర్శిని కింద రెండు రకాలు కలిసిపోయి కనిపిస్తాయి. కాలేజీలో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శిని దొరికితే, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాస్త పొడి కలిపి చూడండి. బోవిస్టాలో లావు మొదలు నుంచి కొమ్మలు వేసి సన్నబడే విడి విడి పోగులుంటాయి, ముళ్ల చెట్టు బొమ్మలా. లైకోపెర్డాన్‌లో ఆ లావు మొదలుండదు, పొడవాటి దారాలే. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలకు ఎండిన నమూనా, ఫోటోలు, చీటీ మూడూ కలిపి పట్టుకెళ్లండి. ఎండిన నమూనాలను శాశ్వతంగా భద్రపరిచే శిలీంద్ర హెర్బేరియం పుణెలోని అఘర్కర్ పరిశోధన సంస్థలో ఉంది.

పిల్లలకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎండిన కాయను తన్ని ఆడటం, ముఖం దగ్గర నొక్కడం కూడదు. ఎందుకో కింది ఉత్తరంలో చూడండి.

ప్రశ్న: మా మనవడు వీటి పొడిని ఊదుతూ ఆడుకుంటాడు. గాయానికి అద్దితే నెత్తురు కట్టుకుంటుందని మా వైపు పెద్దవాళ్లు అనేవారు. నిజమేనా?
(గృహిణి, జమ్మలమడుగు)

జవాబు: ఊదుతూ ఆడనివ్వకండమ్మా. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎనిమిది మంది పిల్లలు, 16 నుంచి 19 ఏళ్ల వాళ్లు, పొగబంతి పొడి పీల్చి ఊపిరితిత్తుల వాపుతో జబ్బుపడ్డారు, వాళ్లలో కొందరు ఆసుపత్రి పాలయ్యారు. దగ్గు, జ్వరం, ఆయాసం మూడు నుంచి ఏడు రోజుల తరవాత మొదలయ్యాయి. ఇంత ఆలస్యంగా వస్తుంది కాబట్టి దానికీ దీనికీ లంకె ఎవరికీ తట్టదు. పీల్చిన వారం లోపు దగ్గు, జ్వరం వస్తే డాక్టరుకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. నడుస్తూ పోతుంటే కాలికి తగిలి లేచే కాస్త పొగకు భయపడనక్కరలేదు. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి.

గాయానికి పొడి అద్దే అలవాటు చాలా దేశాల్లో ఉండేది. ఇప్పుడు ఆ పని చేయొద్దు. పొడితో పాటు మట్టి, అందులోని ధనుర్వాతపు క్రిములు గాయంలోకి పోతాయి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి, తరవాత టీటీ ఇంజెక్షన్ వేయించండి.

ప్రశ్న: లేతవి కూర వండుకోవచ్చా?
(పాఠకుడు, ఎమ్మిగనూరు)

జవాబు: లోపల అంతా తెల్లగా ఉన్న లేత పొగబంతుల్ని తినే అలవాటు చాలా చోట్ల ఉంది. అయినా ఫోటో చూసి తినమని మేము చెప్పం. కారణం, గుండ్రంగా తెల్లగా లేచేవన్నీ పొగబంతులు కావు. ప్రాణం తీసే అమనితా జాతి కూడా మొదట తెల్లటి గుడ్డులాగే లేస్తుంది. నిలువునా రెండుగా కోస్తే లోపల గొడుగు, రేకులు, కాడ ఆకారం సన్నగా గీసినట్టు కనిపిస్తుంది. పొగబంతిలో పై నుంచి కింది దాకా పెరుగు గడ్డలా ఒకే తెలుపు. లోపల జిగురు పొర ఉంటే అది కంపు పుట్టగొడుగు మొగ్గ. పై తోలు మందంగా, గట్టిగా ఉండి లోపల ఊదా నలుపు కనిపిస్తే స్క్లెరోడెర్మా. యూకలిప్టస్, తుమ్మ జాతి తోటల్లో వస్తుంది, తింటే వాంతులు, విరేచనాలు. కోసినప్పుడు పసుపు, ఆకుపచ్చ, గోధుమ ఏ ఛాయ ఉన్నా పారేయాల్సిందే.

పత్తి, శెనక్కాయ చేల గట్ల మీదవి, హైవే పక్కనవి అసలు వద్దు. పొగబంతులు మట్టిలోని పాదరసం వంటి లోహాలను ఒంట్లో కూడబెట్టుకుంటాయి. ఏ పుట్టగొడుగు తిన్నాకైనా వాంతులు మొదలైతే 108కి ఫోన్ చేయండి, మిగిలిన కూర, కోయగా మిగిలిన ముక్కలు వెంట తీసుకెళ్లండి. తిన్న ఆరు గంటల తరవాత మొదలైన వాంతులు మరీ ప్రమాదం. మధ్యలో తగ్గినట్టు కనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది.

ఇంకో మాట. ఒక బీడులో పది కాయలే లేస్తున్నాయంటే అవి కూరకు కాదు. వదిలేయండి.

ప్రశ్న: మా ఊరి మేత పోరంబోకు 12 ఎకరాలు. సగం కంపచెట్లు కమ్మేశాయి. మిగతా సగంలో గడ్డి, వానలకు ఈ పొగబంతులు ఉన్నాయి. కంప కొట్టించి, మొత్తం గుంటలు తీసి మొక్కలు నాటుదామని కొందరు, కందకాలు తవ్విద్దామని కొందరు అంటున్నారు. మీ సలహా?
(గ్రామ పంచాయతీ సభ్యుడు, కమలాపురం మండలం)

జవాబు: మీ మండలం పేరు ఈ కంప చరిత్రలోనే ఉంది. సర్కారు తుమ్మ విత్తనాన్ని జమైకా నుంచి తెప్పించి 1877లో మన దేశంలో మొదట నాటిన చోటు కమలాపురమే అంటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు ఇవాళ మన బీళ్లను మింగుతోంది. దాని నీడకు గడ్డి చస్తుంది. పైగా అది చిక్కుడు కుటుంబపు చెట్టు, వేళ్లతో నత్రజని పట్టి నేలలో చేరుస్తుంది. బలహీన నేల కోరుకునే శిలీంద్రాలకు అది రెండో దెబ్బ. కాబట్టి కొట్టించండి. ఎలా కొట్టిస్తారన్నదాని మీదే అంతా ఉంది.

మొదట గడ్డి మిగిలిన సగం చుట్టూ రాళ్లతో గుర్తు పెట్టండి. అందులోకి జేసీబీ అడుగు పెట్టకూడదు. బరువుకు నేల గట్టిపడి, గాలి ఆడక పోగుల వల చస్తుంది. కంప ఉన్న సగాన్ని కూడా మూడు ముక్కలు చేసి ఏడాదికి ఒక ముక్క శుభ్రం చేయండి. ఒకేసారి చేస్తే మొలకలు తీసే మనుషులు చాలరు, రెండేళ్లలో కంప రెట్టింపై లేస్తుంది.

నేల మట్టానికి నరికితే లాభం లేదు. మొదట్లోని మొగ్గల నుంచి పది కొమ్మలు లేస్తాయి. చుట్టూ తవ్వి, 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున వేరు మెడ కింద నరకాలి. చిన్న మొక్కల్ని మంచి వాన పడిన రెండు మూడు రోజుల్లో గడ్డపారతో పెల్లగిస్తే వేరుతో సహా వస్తాయి. గుంటను తీసిన మట్టితోనే పూడ్చండి. చెరువు మట్టి తోలకండి, అది చేనికి బంగారం, ఈ బీడుకు విషం. నరికిన కంపను గడ్డి మీద కుప్ప పోసి కాల్చొద్దు. కుప్ప కింది నేల కాలిపోయి, బూడిదకు క్షారం పెరిగి ఏళ్ల తరబడి కలుపే మొలుస్తుంది. బండికెత్తి బయటికి తోలండి. కాయలు పండే ఎండాకాలంలో పశువుల్ని కంప కిందికి వదిలితే విత్తనాలు పేడలో బీడంతా చేరతాయి. కాయలు రాలే ముందే ఏరించండి. తరవాత మూడేళ్లు ప్రతి వానాకాలం మొలకలు పెరికించాలి.

ఇక గుంటల సంగతి. 3 మీటర్లకు ఒకటి చొప్పున తీస్తే ఎకరాకు దాదాపు 450 గుంటలు. ఒక్కోటి అడుగున్నర లోతు. తీసిన మట్టి గడ్డి మీద కప్పుకుంటుంది. మొక్కలు బతికితే నీడ, చస్తే గుంటలు, రెండు విధాలా గడ్డి పోతుంది. గడ్డినేల అంటే చెట్లు లేక పాడుపడిన అడవి కాదు, అది దానికదే ఒక తీరు. మొక్కలు నాటాలనుకుంటే ఊరి దారి వెంట, బడి చుట్టూ నాటండి. కందకాలు వాగు కోసిన చోట, కంప తీసిన వాలులో తవ్వించండి. పక్క చేల నుంచి ఎరువు నీళ్లు బీడులోకి దిగే వైపు ఒక కందకం ఉంటే మాత్రం మంచిదే, దారి మళ్లిస్తుంది.

మేత మానిపించకండి. అసలు మేయకపోతే గడ్డి ఎత్తు పెరిగి పండుగడ్డి పరుచుకుని నేల కనిపించదు, కాయలు లేవలేవు. బీడును నాలుగు భాగాలు చేసి ప్రతి వానాకాలం ఒక భాగానికి ఆరుద్ర నుంచి ఉత్తర దాకా విశ్రాంతి ఇవ్వండి. మిగతా వాటిలో గడ్డి బెత్తెడు ఎత్తులో ఉన్నప్పుడు మందను దింపి, రెండు వేళ్ల ఎత్తుకు రాకముందే తీసేయండి. విశ్రాంతి ఇచ్చిన భాగంలో విత్తనం రాలాక గడ్డి కోసి ఇంటికి మోసుకెళ్లండి. కోసి అక్కడే వదిలేస్తే బలం మళ్లీ నేలకే చేరుతుంది.

ప్రశ్న: బట్టమేక పిట్టకు రక్షిత ప్రాంతం ఉంది. పుట్టగొడుగుకు ఎక్కడైనా చట్ట రక్షణ ఉందా?
(డిగ్రీ విద్యార్థి, నందికొట్కూరు)

జవాబు: ఉంది. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం జాబితాలో 1998లో నాలుగు శిలీంద్రాల్ని చేర్చారు. వాటిలో ఒకటి పొడి నేలల్లో పొడవాటి కాడ మీద నిలబడే పొగబంతి బంధువు, బటారియా. దాన్ని కావాలని పెరకడం అక్కడ నేరం. యూరప్‌లో బోవిస్టా పాలుడోసా అనే ఇంకో పొగబంతి సున్నపు నీటి ఊటల నాచు నేలల్లో బతుకుతుంది. కాలువలు తవ్వి ఆ నేలల్ని ఆరబెట్టడంతో ఆపదలో పడింది. అక్కడ నీరు పోవడం కష్టమైతే మనకు నాగలి, కంప, ఎరువు.

2025 మార్చి నాటికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో 1,300 శిలీంద్ర జాతుల్ని మదింపు చేస్తే 411 అంతరించే ముప్పులో ఉన్నట్టు తేలింది. ఆ జాబితాలో సంఖ్య 30 శాతం తగ్గితే ఒక మెట్టు, 50 శాతం తగ్గితే దాని పై మెట్టు, 80 శాతమైతే తీవ్ర ప్రమాదం. తగ్గుదల రుజువు కావాలంటే పాత లెక్క ఉండాలి. పైన బడి పిల్లల తాడు లెక్క గురించి అంత వివరంగా రాసింది అందుకే.

మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో జంతువులకు, మొక్కలకు షెడ్యూళ్లున్నాయి, పుట్టగొడుగులకంటూ విడిగా లేదు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడ్డ మీ రోళ్లపాడు అభయారణ్యం 6.14 చదరపు కిలోమీటర్లు. ఆ గడ్డిలో ఉన్న శిలీంద్రాలకు కూడా అదే నీడ. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క కాయ కూడా తీయకండి, ఫోటోతో సరిపెట్టుకోండి. బయటి బీళ్లకు 2002 జీవవైవిధ్య చట్టం పనికొస్తుంది. పంచాయతీ జీవవైవిధ్య కమిటీ తయారు చేసే ప్రజా రిజిస్టరులో ఆ బీడు సర్వే నంబరు, అక్కడి శిలీంద్రాలు, కనిపించే నెలలు ఫోటోలతో సహా రాయించండి. రెవెన్యూ కాగితాల్లో బంజరు అని మాత్రమే ఉన్న నేలకు, రేపు సౌర ఫలకాలకో గ్రావెల్ తవ్వకానికో అడిగినప్పుడు, చూపించడానికి అదొక్క కాగితం ఉంటుంది.

ప్రశ్న: మా బీడులో రెండేళ్లుగా ఒక్కటీ కనిపించలేదు. పోయినట్టేనా? పొడి తెచ్చి చల్లితే మళ్లీ వస్తాయా?
(రైతు, ఉరవకొండ)

జవాబు: నేల దున్నకుండా ఉంటే అప్పుడే పోయిందనుకోకండి. వానలు అదునుకు పడని ఏడు వల కాయ వేయదు, నేలలోనే ఓపిక పడుతుంది. అయిదు వానాకాలాలు వరసగా చూశాకే ఒక మాటకు రావాలి. పొడి చల్లడం వల్ల ఫలితం దాదాపు ఉండదు, వేరే బీడులోని కాయలు పోవడం తప్ప. గడ్డిని పెళ్లలుగా తవ్వి తెచ్చి నాటడమూ అంతే.

వానల్లో దొరక్కపోతే చలికాలంలో వెతకండి. దొర్లే రకం డొల్లలు తేలికగా, తోలులా గట్టిగా నెలల తరబడి చెడకుండా ఉంటాయి. నవంబరు నుంచి జనవరి దాకా మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. కంచెలకు, రాతి గట్లకు, పొదలకు ఈశాన్యం వైపు మొదట్లో ఎండుటాకులతో పాటు అవి చిక్కుకుని ఉంటాయి. ఒకటి దొరికితే ఆ చోటు గుర్తు పెట్టుకుని, గాలికి ఎదురుగా ఈశాన్యం వైపు దున్నని గడ్డి ఎక్కడుందో చూసుకుంటూ నడవండి. వచ్చే మృగశిరకు వెతకాల్సిన చోటు అదే.